తెగువ ఉంది, అడిగే నోరు కావాలి



పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి రామమందిరం అరుగు దగ్గర నిలబడినా ఒకే ప్రశ్న వినిపిస్తుంది. “మరేటి సేత్తావురా?” అని పెద్దవాళ్లు అడుగుతారు. కుర్రాడు తన చెప్పుల వంక చూస్తూ నిలబడతాడు. ఆడపిల్ల విషయమైతే ఆ పిల్లను అడగరు, వాళ్ల నాన్నను అడుగుతారు. కాసేపటికి అరుగు మీద ఎవరో ఒకరు తేల్చేస్తారు: “మన గుంటలకి ధైర్యం సాలదు బాబూ. బెజవాడ పిల్లల్లాగ, హైదరాబాదు పిల్లల్లాగ సొరవ నేదు.”

ఈ మాట ఎన్నాళ్లుగానో వింటున్నాం, మనమూ అంటున్నాం. విచారించాల్సిందేమిటంటే, ఆ మాట పిల్లలు కూడా నమ్మేశారు. ఇందులో నిజమెంత? మన పిల్లలకు అసలు లోటు ఎక్కడుంది? అది తీరే దారేమిటి? ఈ మూడు సంగతులూ మీతో మాట్లాడదామని వచ్చాను.

ముందు ధైర్యం సంగతి చూద్దాం.

మన ముత్తాతలు పొగ ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. అక్కడి రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. భాష తెలియదు, తెలిసిన మనిషి లేడు. అయినా వెళ్లారు. ఈ రోజు ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వైపు వెళ్లండి. ఉద్దానం పల్లెల్లో ఇంటికొకడు వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో. ఒకడు గుజరాత్ రిఫైనరీలో షట్‌డౌన్ పనికి వెళ్లాడు, ఒకడు దుబాయ్‌లో ఉన్నాడు, ఇంకొకడు వీసా కోసం చూస్తున్నాడు. ఎచ్చెర్ల, గార మండలాల తీరానికి వెళితే మత్స్యకారుల కుర్రాళ్లు ఏడాదిలో సగం పైగా గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదే గడుపుతారు.

తెల్లారకముందే ఏ ఊరి పొలిమేర దాటినా తారురోడ్డు మీద బూట్ల చప్పుడు వినిపిస్తుంది. సైన్యంలో చేరాలని పరిగెత్తే పిల్లలు వాళ్లు. అగ్నివీర్ పరుగు పందెంలో 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో పూర్తి చేస్తే పూర్తి మార్కులు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఒకడు పరిగెడుతుంటే ఇంకొకడు సెకన్లు అరుస్తుంటాడు. నాలుగేళ్ల కొలువు తర్వాత నూటికి పాతిక మందినే ఉంచుతారని తెలుసు. తెలిసీ పరిగెడుతున్నారు.

ఇలాంటి పిల్లలకు ధైర్యం లేదని ఎలా అంటాం? తెగువకు ఈ నేల మీద ఏనాడూ కరువు లేదు. వచ్చిన చిక్కల్లా ఆ తెగువ తర్వాత ఉంది. మనవాడు బండెక్కుతాడు, ఓడెక్కుతాడు, విమానమెక్కుతాడు. ఎక్కే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు అడగడు.

2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలన్నారు. డబ్బు కట్టించుకున్నారు. ఉత్తరాంధ్ర యువకులను బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. ఎదురు తిరిగిన వాళ్లను హింసించారు. మోసం చేసినవాడిదే తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ మన పిల్లల్ని రేపు ఇంకొకడు మోసం చేయకుండా ఏం చేయాలన్నది మన పని.

విదేశానికి మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం కింద కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా అది చట్టవిరుద్ధం. విజిటింగ్ వీసా మీద పనికి వెళ్లకూడదు. పదో తరగతి పాసవని వాళ్లు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అలా వెళ్లేవాళ్లకు కొద్దిపాటి ప్రీమియంతో పది లక్షల బీమా వస్తుంది. ఇవి రహస్యాలేమీ కావు. కానీ ఊరికి వచ్చిన ఏజెంటును “మీ లైసెన్సు నంబరు చెప్పండి” అని అడిగినవాళ్లు ఎంతమంది? “మనోడేనండి, మా మావయ్యకి తెలిసినోడే” అన్నదే మనకు లైసెన్సు. అడిగితే ఏమనుకుంటాడో, వచ్చిన అవకాశం పోతుందేమోనన్న జంకు.

తెగువ ఉన్న పిల్లలకు ఈ జంకు ఎక్కడి నుంచి వచ్చింది?

కొంత మనమే నేర్పాం. తరగతిలో ప్రశ్న అడిగితే “ముందు కూర్చోరా” అన్నాం. ఇంట్లో అడిగితే “నీకేటి తెలుసు” అన్నాం. పదో తరగతి దాకా నోరెత్తకుండా ఉన్నవాడిని బుద్ధిమంతుడన్నాం. ఇరవయ్యో ఏట ఇంటర్వ్యూ గదిలో అదే పిల్లాడు నోరెత్తకపోతే చొరవ లేదంటున్నాం.

ఇంకొంత, చదువులోనే డొల్లతనం ఉంది. ప్రథమ్ సంస్థ 2023లో దేశంలోని 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని పరీక్షించి అసర్ నివేదిక ఇచ్చింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క సగానికి పైగా పిల్లలు చేయలేకపోయారు. నూటికి పాతిక మంది రెండో తరగతి పాఠాన్ని సొంత భాషలోనే తడబడకుండా చదవలేకపోయారు. వృత్తి శిక్షణ పొందుతున్నవాళ్లు నూటికి ఆరుగురు కూడా లేరు. స్మార్ట్‌ఫోన్ మాత్రం దాదాపు ప్రతి ఇంట్లో ఉంది. అందులోనూ ఒక తేడా చూడండి. ఫోన్ వాడటం వచ్చిన మగపిల్లల్లో నూటికి 44 మందికి సొంత ఫోన్ ఉంటే, ఆడపిల్లల్లో ఇరవై మందికే ఉంది.

తనకు లెక్క రాదని పిల్లాడికి లోపల తెలుసు. చేతిలో ఉన్న మార్కుల కాగితం మాత్రం వచ్చనే అంటుంది. ఆ రెండింటి మధ్య నలిగేవాడికి గొంతు ఎలా పెగులుతుంది? వ్యక్తిత్వ వికాసం క్లాసులో “నేను చేయగలను, నేను చేయగలను” అని వందసార్లు అనిపిస్తే ఈ జంకు పోదు. ఏదో ఒక పని నిజంగా చేయగలిగితే పోతుంది.

మన ఇళ్లలోనే ఇందుకు రుజువుంది. డ్వాక్రా సంఘాలు రాకముందు మన అమ్మల్లో, అప్పల్లో ఎంతమంది బ్యాంకు గుమ్మం ఎక్కారు? ఇప్పుడు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని “మా గ్రూపు లోను ఎందుకు ఆగిపోయిందండి?” అని నిలదీస్తున్నారు. వాళ్లకెవరూ ఉపన్యాసాలతో ధైర్యం నూరిపోయలేదు. వారం వారం సమావేశమయ్యారు. పొదుపు సొమ్ము లెక్కపెట్టారు. పుస్తకం రాశారు, రాయడం రాని చోట రాయించి, చదివించుకుని, సంతకం పెట్టారు. డబ్బు లెక్క చేతికి వచ్చింది, దాని వెనకే మాట వచ్చింది.

ఇంకో రుజువు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి ఊరు. పన్నెండేళ్ల వయసులో నీలంశెట్టి అప్పన్న అనే కోచ్ దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టింది. 1994లోనూ 1995లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం ఆడపిల్ల. ఆఖరి ప్రయత్నంలో ఆమె ఏకంగా 137.5 కిలోలకు వెళ్లింది. అది నిలవలేదు. కానీ ప్రపంచమంతా చూస్తుండగా ఆ బరువు అడిగే గుండె ఎక్కడి నుంచి వచ్చింది? ఏళ్ల తరబడి ప్రతి రోజూ ఇనుము ముందు నిలబడటం నుంచి వచ్చింది. ఇనుము మొహమాటపడదు. ఎత్తితే ఎత్తినట్టు, లేకపోతే లేనట్టు. నిన్న ఎంత ఎత్తావో, ఈ రోజు ఎంత ఎత్తావో కిలోల్లో చెబుతుంది.

నిజం చెప్పే కొలత ముందు నిలబడినవాడికే ధీమా వస్తుంది. ఉద్దానం కుర్రాళ్లు వెళ్లే వెల్డింగ్ ట్రేడ్ టెస్ట్ ఎప్పుడైనా చూశారా? అందులో కష్టమైనది సిక్స్‌ జీ అంటారు. రెండు పైపు ముక్కల్ని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. పైపు తిరగదు, వెల్డరే దాని చుట్టూ తిరగాలి. కింద నుంచి మొదలుపెట్టి, పక్కకు ఒరిగి, చివరికి పైన ముగించాలి. ముందుగా ఆర్గాన్‌తో రూట్ వేస్తాడు. రెండు అంచుల మధ్య ఉంచిన సన్నటి సందులోంచి కరిగిన లోహం లోపలి వైపుకు సమంగా దిగాలి. ఎక్కువ దిగితే లోపల గడ్డకడుతుంది, తక్కువైతే అతుకు పట్టదు. దానిమీద ఫిల్లింగ్, ఆఖరున క్యాపింగ్. చల్లారాక ఎక్స్‌రే తీస్తారు. అతుకులో ఎక్కడైనా గాలి బుడగ చిక్కుకుంటే ఫిల్మ్ మీద నల్ల చుక్కలా దొరికిపోతుంది.

ఆ ఫిల్మ్‌కు కుర్రాడిది ఏ ఊరో తెలియదు, ఏ కులమో తెలియదు, ఏ యాసో తెలియదు. అతుకు బాగుంటే బాగుందంటుంది. ఆ టెస్ట్ పాసైన కుర్రాడు కాంట్రాక్టరు ఎదుట ఎలా నిలబడతాడో గమనించండి. “రేటెంత? ఓటీ ఎంత? రూము మీదేనా?” అని అడుగుతాడు. ఏడాది కిందట అదే కుర్రాడు హెల్పరుగా ఎంతిస్తే అంత తీసుకున్నాడు. మధ్యలో మారింది చేతిలోని పని.

కాబట్టి పిల్లలకు నేను చెప్పే మొదటి మాట: ఒక్క పనైనా అడుగు దాకా నేర్చుకోండి. వెల్డింగే కానక్కర్లేదు. ఏసీ మరమ్మతు కావచ్చు, టాలీ మీద లెక్కలు రాయడం కావచ్చు, రోగికి ఇంజెక్షన్ ఇవ్వడం కావచ్చు, జీడిపప్పు గ్రేడింగ్ కావచ్చు, కోడింగ్ కావచ్చు. పొగిడేవాడి దగ్గర కాక, తప్పు పట్టేవాడి దగ్గర నేర్చుకోండి.

రెండో మాట: చేసిన పని రాయడం నేర్చుకోండి. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి. మన బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు చాలామంది ఆ గేటు ముందు నిలబడతారు. మందుల కంపెనీలో ప్రతి బ్యాచ్‌కూ ఒక రికార్డు ఉంటుంది. ఏ పదార్థం ఎంత తూచారు, రియాక్టర్‌లో ఉష్ణోగ్రత ఎంత, ఎన్ని గంటలకు, ఎవరు చేశారు, ఎవరు సరిచూశారు — అన్నీ అప్పటికప్పుడు రాయాలి. కొట్టివేత ఉంటే ఒక్క గీతతో కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. రాయని పని చేయనట్టే లెక్క. పొరపాటు జరిగితే అది ఎలా జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి ఇవ్వాలి. సమీకరణాలన్నీ బట్టీపట్టి ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లలు ఆ నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోతున్నారు. ఏం జరిగింది, ముందేది, వెనకేది, ఎందుకు జరిగింది — ఇంత వరస తెలుగులో రాయగలిగినవాడికి ఇంగ్లీషులో రాయడం నెలల పని. తెలుగులోనే వరస లేనివాడికి ఏ భాషా ఆదుకోదు.

భాష మాట వచ్చింది గనక యాస గురించి కూడా చెప్పుకోవాలి. హైదరాబాదు అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌కు వెళ్లిన మన పిల్లలు మొదటి నెల నోరు విప్పరు. ‘ఏటి’ అంటే నవ్వుతారని భయం. సినిమాల్లో మన యాసను వాచ్‌మన్‌కో, పనిమనిషికో, హాస్యగాడికో పెట్టి నవ్వించారు కాబట్టి ఆ నవ్వు పిల్లల తలలో కూర్చుంది. వాళ్లకు చెప్పండి: మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు ఈ ప్రాంతపు మాటతోనే కథలు రాసి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు, తర్వాత శ్రీకాకుళంలో కథానిలయం కట్టి తెలుగు కథంతటికీ ఇల్లు చేశారు. వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు. యంత్రాల మధ్య పనిచేస్తూ, మన పల్లెల బాణీలోనే పాటలు కట్టి రాష్ట్రమంతా పాడించారు. వాళ్లు తమ యాస దాచుకోలేదు. తమ పని మీద ధీమా ఉంది కాబట్టి దాచుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇంటర్వ్యూలో అందరికీ అర్థమయ్యేలా నిదానంగా మాట్లాడండి. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పండి. యాస ఉంటే ఉండనివ్వండి.

ఇంగ్లీషు భయానికి మందు గిడుగు రామమూర్తి పంతులు గారి దగ్గర ఉంది. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్నప్పుడు కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. పుస్తకం లేదు, లిపి లేదు, నేర్పే బడి లేదు. ఆ భాష వచ్చిన సవర మనిషినే గురువుగా పెట్టుకుని విన్నారు, రాసుకున్నారు, మాట్లాడారు. ఏళ్లు పట్టింది. చివరికి ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువులు రాశారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. శ్రీముఖలింగం గుడి శాసనాల లిపిని కూడా సొంతంగానే నేర్చుకున్నారు. ఏ వసతీ లేని ఆ రోజుల్లో ఆయన అంత చేస్తే, చేతిలో ఫోన్ ఉన్న మనకు ఇంగ్లీషు ఎందుకు రాదు? సీతంపేట, భద్రగిరి కొండల్లో సవర పిల్లలు ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, బడిలో ఇంకో భాష మాట్లాడుతున్నారు. ఇచ్ఛాపురం పిల్లలు తెలుగు, ఒడియా కలిపి నడుపుతున్నారు. ఒకటికి రెండు భాషలు నోట ఉన్నవాళ్లకు ఇంకొకటి నేర్చుకోవడం అసాధ్యం కాదు.

మూడో మాట: కంప్యూటర్ ముందు కూర్చోవడం అలవాటు చేసుకోండి. అగ్నివీర్‌కు పరిగెత్తే పిల్లల గురించి చెప్పాను కదా. 2023 నుంచి ఆ ఎంపిక పద్ధతి మారింది. ముందు ఆన్‌లైన్ పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకే పరుగు. ఎన్నో తెల్లవారుజాములు పరిగెత్తిన పిల్లలకు, మౌస్ పట్టుకుని గడియారం తిరుగుతుండగా లెక్కలు చేయాల్సి వచ్చేసరికి చెమటలు పట్టాయి. ఫోన్‌లో రీల్స్ చూడటం వేరు, ఫారం పొరపాటు లేకుండా నింపడం, ఒక మెయిల్ మర్యాదగా రాయడం, ఎక్సెల్‌లో ఒక పట్టిక వేయడం వేరు. ఈ మూడూ ఎవరింట్లో కంప్యూటర్ ఉంటే వాళ్లింట్లో సెలవుల్లో నేర్చుకోవచ్చు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. పని బాగా వస్తే చాలు, బతుకు దానంతటదే బాగుపడుతుందని చెబితే అది అబద్ధమవుతుంది. పొందూరు వెళ్లండి. అక్కడి నూలు వడికే అమ్మలు వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. ఆ దవడ పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే, పీచు పీచునీ దువ్వి చెత్త వదలగొడతాయి. అలా ఏకిన పత్తితో ఒంటి కదురు రాట్నం మీద వంద నంబరు నూలు తీస్తారు. గాంధీ గారు మెచ్చుకున్న ఖద్దరు అది. ప్రపంచంలో ఏ ట్రేడ్ టెస్ట్ పెట్టినా ఆ చేతులు పాసవుతాయి. కానీ ఆ పని వాళ్ల పిల్లలు నేర్చుకోవడం లేదు. ఎందుకు నేర్చుకుంటారు? రోజంతా వడికితే వచ్చే కూలి ఇల్లు నడపదు. పనితనం ఒకరిది, ధర నిర్ణయించేది ఇంకొకరు అయినప్పుడు ఇలాగే అవుతుంది.

వెరావల్ వెళ్లే మత్స్యకారులదీ అదే కథ. సముద్రం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. కానీ ఇంత పొడుగు తీరం ఉన్న శ్రీకాకుళంలో పెద్ద బోట్లు నిలిచే హార్బరు లేక, బతుకుతెరువుకు గుజరాత్ దాకా పోయారు. 2018 నవంబరులో వాళ్లలో కొందరు అక్కడి నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ బలగాలకు చిక్కారు. పదమూడు నెలలకు పైగా కరాచీ జైల్లో ఉండి 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. పనిరాక కాదు, పనికి ఇక్కడ చోటు లేక పడ్డ కష్టమది. కాబట్టి నైపుణ్యం పిల్లల బాధ్యత, చోటూ ధరా మాత్రం ప్రభుత్వాల బాధ్యత, వ్యాపారుల బాధ్యత, మన అందరి బాధ్యత.

ఇప్పుడు మన వైపు కొన్ని పెద్ద పనులు వచ్చాయి. జీఎంఆర్ సంస్థ చేపట్టిన భోగాపురం విమానాశ్రయం ఒకటి. ఆ సంస్థ అధినేత గ్రంధి మల్లికార్జునరావు రాజాంలో పుట్టి, జనపనార మిల్లుతో వ్యాపారం మొదలుపెట్టిన మనిషి. సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, గురజాడ పేరుతో జేఎన్‌టీయూ, ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, పల్లెల సర్కారు బడి పిల్లలకు పదో తరగతి మార్కులతో సీటిచ్చే ట్రిపుల్ ఐటీ ఉన్నాయి.

విమానాశ్రయం కట్టేటప్పుడు కావలసిన మనుషులు వేరు, నడిపేటప్పుడు కావలసిన మనుషులు వేరు. కట్టేటప్పుడు కూలీలు, మేస్త్రీలు. నడిపేటప్పుడు ఎలక్ట్రీషియన్లు, ఏసీ ప్లాంటు ఆపరేటర్లు, అగ్నిమాపక సిబ్బంది, సరుకు లెక్క చూసేవాళ్లు, ప్రయాణికులతో హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. పోర్టూ అంతే. క్రేన్ నడిపేవాడికి, కంటైనర్ కాగితాలు చూసేవాడికి శిక్షణ కావాలి. మొదటి దశలో తట్ట మోసిన మన ఊరివాళ్ల పిల్లలు రెండో దశలో యూనిఫాం వేసుకుని లోపలికి వెళ్లాలంటే శిక్షణ ఇప్పుడే మొదలవ్వాలి. లేకపోతే మన భూమిలో లేచిన గేటు బయట మనమే టీకొట్టు పెట్టుకుంటాం.

ఇందుకు దారులు లేకపోలేదు. జర్మనీలో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు వారంలో మూడు నాలుగు రోజులు కర్మాగారంలో పని నేర్చుకుంటూ, ఒకటి రెండు రోజులు బడికి వెళతారు. పని నేర్చుకునే కాలానికి జీతం కూడా ఇస్తారు. మనకూ 1961 నుంచి అప్రెంటిస్‌ చట్టం ఉంది. ఐటీఐ చదివినవాళ్లను కంపెనీలు స్టైపెండ్ ఇచ్చి పనిలో పెట్టుకోవాలి. పైడిభీమవరం, బొబ్బిలి పరిశ్రమల గేట్ల లోపల ఈ చట్టం కింద మన పిల్లలు ఎంతమంది ఉన్నారో జిల్లా అధికారులు ఏటా ప్రకటిస్తే బాగుంటుంది.

2020 జాతీయ విద్యా విధానం ఇంకో మంచి మాట చెప్పింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజుల పాటు సంచి లేకుండా పిల్లల్ని వడ్రంగి దగ్గరికో, కుమ్మరి దగ్గరికో, తోటమాలి దగ్గరికో పంపమంది. అందుకు మనం దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. బుడితిలో కంచు, ఇత్తడి పనివాళ్లున్నారు. పలాసలో జీడి కార్ఖానాలున్నాయి. పది రోజులు ఆ దుంగ పక్కన కూర్చున్న పిల్లకు ఉలి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఎక్కువ చెక్కితే తిరిగి అతికించలేమని తెలుస్తుంది. పుస్తకంలో ఎంత చెప్పినా తలకెక్కని సంగతి అది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మనవి. డిగ్రీ చదివించారు, సంతోషం. ఇంటర్వ్యూకు విశాఖ వెళ్లాలంటే మాత్రం అన్నయ్యకు సెలవు దొరకాలి, నాన్నకు తీరిక ఉండాలి. తోడు దొరకక ఆగిపోయిన ఉద్యోగాలు మన జిల్లాల్లో ఎన్నో. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా రైలుంది, బస్సుంది. ఇంటర్ చదివేటప్పుడే ఒకసారి బ్యాంకు పనికి, ఒకసారి సర్టిఫికెట్ పనికి పిల్లను ఒంటరిగా పంపండి. దారి తప్పితే అడిగి తెలుసుకుంటుంది. ఆమె పేరు మీద ఒక ఫోన్, ఒక బ్యాంకు ఖాతా ఉండనివ్వండి. పన్నెండేళ్ల పిల్ల చేతికి ఇనుము ఇచ్చిన ఊరు మనది. ఇరవై ఏళ్ల పిల్ల చేతికి రైలు టిక్కెట్టు ఇవ్వడానికి వెనకాడకూడదు.

చివరిగా పెద్దలకు ఒక హెచ్చరిక. పని చేతికొచ్చి, నోరొచ్చిన పిల్లలు ఊరికే ఉండరు. ఏజెంటును లైసెన్సు అడిగినవాళ్లు కాలేజీ యాజమాన్యాన్ని కూడా అడుగుతారు — మీరు బ్రోచర్‌లో వేసిన ప్లేస్‌మెంట్ లెక్క నిజమేనా, ల్యాబులో ఈ యంత్రం ఎన్నేళ్ల నుంచి పాడైంది, అని. కంపెనీని అడుగుతారు, స్థానికులకు ఇస్తామన్న ఉద్యోగాలేవి అని. నాయకుణ్ణి అడుగుతారు, మా తీరానికి హార్బరు ఎప్పుడొస్తుందని. ఇంట్లో మిమ్మల్ని కూడా అడుగుతారు, అన్నయ్య చదువుకు పొలం అమ్మారే, నా చదువుకు ఎంత అమ్ముతారు అని. అప్పుడు వాళ్లను ‘నోటిదురుసు’ అనకండి. వాళ్లకు చొరవ లేదని ఇన్నాళ్లు బాధపడ్డది మనమే. అది వచ్చిననాడు మొదట ఎదురయ్యేదీ మనకే. వాళ్ల ప్రశ్నలకు చెప్పదగ్గ జవాబులు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకుందాం.